తీసెయ్యకూడని ఉద్యోగం

"పని చేసినా చెయ్యకపోయినా తీసెయ్యకూడదంటే ఎలాగమ్మా? మా కరెంటాఫీసుకి పట్టిన జబ్బే అది" అన్నారు బాబాయ్ మొన్న వాట్సాప్ కాల్‌లో.

సంగతేమిటంటే, మా కాలేజీలో నాతోపాటు స్టాటిస్టిక్స్ చెప్పే ఒకావిడకి ఈ మధ్య టెన్యూర్ వచ్చింది. అందరం కలిసి కేక్ కట్ చేశాం. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే, టెన్యూరంటే ఏంటే అని పిన్ని అడిగింది. నేను చూసేలోపే మా తమ్ముడు "ఉద్యోగం పర్మనెంట్ అయిందని అర్థం పిన్నీ" అని జవాబిచ్చేశాడు. బాబాయ్ విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యారు. పర్మనెంట్ ఉద్యోగుల గురించి ఆయన దగ్గర లేని కథ లేదు. రాజమండ్రి నుంచి గంటసేపు క్లాసు పీకారు. "అది కాదండీ బాబాయ్" అని నేనంటూనే ఉన్నాను. ఫోన్లో కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, నాకు టెన్యూర్ లేదు. రాదు కూడా. నేనుండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో మ్యాడిసన్ అనే ఊళ్లో. అక్కడికి కాస్త దూరంలో ఒక చిన్న కాలేజీలో లెక్చరర్ని. ఏడాదికోసారి కాంట్రాక్టు. వసంతకాలంలో ఒక ఈమెయిల్ వస్తుంది, వచ్చే ఏడు ఉన్నట్టా లేనట్టా అందులో తేలుతుంది. అమెరికాలో నాలాంటివాళ్లే ఎక్కువ. ప్రొఫెసర్ల సంఘం లెక్క ప్రకారం 2021లో కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో 68 శాతం మంది టెన్యూర్‌తో సంబంధం లేని ఉద్యోగాల్లో ఉన్నారు. 1987లో ఇది 47 శాతం. కాబట్టి బాబాయ్ బెంగ పెట్టుకున్న ఆ తీసెయ్యకూడని మనుషుల వాటా తగ్గిపోతూ వస్తోంది.

ఆ మిగిలినవాళ్లకి కూడా అది ఊరికే రాదు. 1940లో ప్రొఫెసర్ల సంఘం, కాలేజీల సంఘం కూర్చుని కొన్ని సూత్రాలు రాసుకున్నాయి. ప్రొబేషన్ ఏడేళ్లు దాటకూడదన్నది వాటిలో ఒకటి. అందుకే మామూలుగా ఆరో ఏట ఫైలు కదులుతుంది. రాసిన పేపర్లు, స్టూడెంట్లు ఇచ్చిన మార్కులు, చేసిన కమిటీ చాకిరీ అన్నీ అందులో పెడతారు. ముక్కూమొహం తెలియని వేరే యూనివర్సిటీల ప్రొఫెసర్లకి పంపి, ఈ మనిషి పని ఏపాటిదో చెప్పమని ఉత్తరాలు తెప్పిస్తారు. డిపార్ట్‌మెంట్‌లో ఓటు, తర్వాత కాలేజీ కమిటీ, డీన్, ప్రోవోస్ట్ (చదువుల వ్యవహారాలు చూసే పై అధికారి), చివరికి బోర్డు. వచ్చిందా, ఉంటారు. రాలేదా, ఇంకో ఏడాది పాఠం చెప్పి సామాను సర్దుకోవాలి. "సరే, ఇలా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే ఉండిపోతాలెండి" అంటే కుదరదు. మా కేక్ ఆవిడ ఫైలు బోర్డుకి వెళ్లిన నెలలో ఆమె మొహం చూడాల్సింది. ఆ టెన్షన్‌కి పాపం జుట్టు కూడా ఊడింది.

వచ్చాక కూడా తీసెయ్యొచ్చు. పని చెయ్యకపోతే తీసెయ్యొచ్చు, దొంగతనం చేస్తే తీసెయ్యొచ్చు. కాకపోతే కారణం కాగితం మీద పెట్టాలి, సాటి ప్రొఫెసర్ల ముందు విచారణ జరగాలి, ఆ ప్రొఫెసర్ చెప్పుకునేది వినాలి. డబ్బు నిజంగా అయిపోయి కాలేజీ నడవని పరిస్థితి వస్తే అది వేరే దారి. కూడనిది ఒక్కటే. ఆయన చెప్పింది, రాసింది పైవాళ్లకి గిట్టలేదని పంపెయ్యకూడదు.

ఇదంతా ఎక్కడ మొదలైందో చూడాలంటే నాకు బస్సు టికెట్ చాలు. మ్యాడిసన్‌లో బాస్కమ్ హిల్ అని యూనివర్సిటీ గుట్ట ఉంది. పైన బాస్కమ్ హాల్, దాని ముందు కూర్చున్న లింకన్ విగ్రహం. పట్టా పుచ్చుకున్న పిల్లలు గౌన్లతో ఎక్కి ఆయన ఒళ్లో కూర్చుని ఫోటోలు దిగుతారు. అక్కడ నిలబడి ఎదురుగా చూస్తే సుమారు మైలు దూరంలో, స్టేట్ స్ట్రీట్ ఆ చివర, తెల్లటి గుమ్మటంతో రాష్ట్ర అసెంబ్లీ ఉండే క్యాపిటల్ భవనం కనబడుతుంది. డబ్బిచ్చేవాళ్లు అటు, పాఠం చెప్పేవాళ్లు ఇటు. ఊరి ప్లాను వేసినవాళ్లు ఏమనుకుని వేశారో గానీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూనే ఉంటారు. బాస్కమ్ హాల్ వాకిట్లో గోడకి ఒక కంచు ఫలకం ఉంది. వేరేచోట్ల విచారణకి ఎన్ని సంకెళ్లయినా ఉండనీ, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాత్రం భయం లేకుండా, ఆపకుండా జల్లెడ పట్టడాన్ని, తూర్పారపట్టడాన్ని ప్రోత్సహించాలి, నిజం దొరికేది ఆ దారినే అని దానిమీద ఉంటుంది. ఆ వాక్యం 1894 నాటిది.

ఆ ఏడు రిచర్డ్ ఎలీ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ మీద రాష్ట్ర విద్యాధికారి ఆలివర్ వెల్స్ ఒక పత్రికకి ఉత్తరం రాశాడు. ఎలీ సమ్మెలని సమర్థిస్తున్నాడు, యూనియన్ నాయకుణ్ణి ఇంటికి పిలిచి మాట్లాడాడు, యూనియన్ పనివాళ్లని పెట్టుకోకపోతే మీకు ప్రింటింగ్ పని ఇవ్వనని ఒక ప్రెస్సుని బెదిరించాడు, ఇతను పిల్లలకి సోషలిజం నూరిపోస్తున్నాడు అని. యూనివర్సిటీ బోర్డు విచారణ కమిటీ వేసింది. ఎలీ బయటపడ్డాడు. ఆ కమిటీ నివేదికలోదే ఈ ఫలకం మీది వాక్యం.

మన సినిమా అయితే ఎలీ బోనులో నిలబడి "నా ఇష్టమొచ్చింది చెబుతాను, అది నా హక్కు" అని గర్జించాలి. అసలు జరిగింది వేరు. ఆయన ఆ ఆరోపణలన్నీ అబద్ధమన్నాడు. అవే గనక నిజమైతే నేను ఈ ఉద్యోగానికి తగనని కూడా ఒప్పుకున్నాడు! యూనియన్ మనిషిని ఇంటికి పిలిస్తే తప్పేంటని అడగలేదు. కాబట్టి ఆ రోజు గెలిచింది ఎలీ ఉద్యోగం. స్వేచ్ఛ గురించి గొప్పమాట రాసింది ఆయన కాదు, ఆయన్ని విచారించిన కమిటీ. నాకు ఈ కథలో నచ్చే ముక్క ఇదే, ఎందుకంటే అందులో వీరులెవరూ లేరు.

ఫలకం వెనక ఇంకో మనిషి ఉన్నాడు. అతని విషయంలోనే నేను బాబాయ్‌తో పోట్లాడాల్సి వచ్చింది.

ఎడ్వర్డ్ రాస్. స్టాన్‌ఫర్డ్‌లో సోషియాలజీ చెప్పేవాడు. భర్త పోయాక ఆ యూనివర్సిటీ మొత్తం జేన్ స్టాన్‌ఫర్డ్ చేతుల్లో ఉండేది. వాళ్ల ఆస్తి రైల్వేలది. ఆ రైలుమార్గాన్ని కొండలు తొలిచి వేసింది ఎక్కువగా చైనా కూలీలు. రాస్ ఏమో ట్రాములు ప్రైవేటువాళ్ల చేతుల్లో కాకుండా ఊరి చేతిలో ఉండాలని మాట్లాడేవాడు. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కార్మికుల సభలో ఆసియా నుంచి జనాన్ని రానివ్వకూడదని ప్రసంగించాడు. వాళ్లని దిగనివ్వడం కంటే ఓడల మీద తుపాకులు ఎక్కుపెట్టడం మేలన్నట్టు మాట్లాడాడని చెబుతారు. జేన్ స్టాన్‌ఫర్డ్‌కి ఒళ్లు మండింది. ఆ నవంబర్‌లో రాస్‌తో రాజీనామా చేయించారు. ఇదన్యాయమని క్లాసులోనే అన్న ఒక చరిత్ర ప్రొఫెసర్‌నీ పంపేశారు. దాంతో మరికొందరు వాళ్లంతట వాళ్లే మానేశారు. అలా మానేసినవాళ్లలో ఆర్థర్ లవ్‌జాయ్ అనే కుర్ర ఫిలాసఫీ ప్రొఫెసర్ ఉన్నాడు. పదిహేనేళ్ల తర్వాత, 1915లో, తత్వవేత్త జాన్ డ్యూయీ అధ్యక్షుడిగా అమెరికా ప్రొఫెసర్ల సంఘం పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్లలో ఈ లవ్‌జాయ్ ఒకడు. టెన్యూర్ అనే ఏర్పాటు ఇవాళ్టి రూపానికి రావడం ఆ సంఘంతోనే మొదలైంది.

అంటే, బాబాయ్, మనవాళ్లని ఒడ్డుకి రానివ్వొద్దన్న మనిషి ఉద్యోగం పోయిందన్న కోపంలోంచే ఇది పుట్టింది. ఆ ఓడలో ఉండాల్సినదాన్ని నేను. రాస్ రాతలు చదివితే నాకు అన్నం సహించదు. అయినా అతన్ని తీసేసిన తీరు తప్పనే అంటాను. జేన్ స్టాన్‌ఫర్డ్ అతని మాటలకి బదులుగా ఇంకో మాట చెప్పలేదు. అతని వాదనలో పస లేదని ఇంకో ప్రొఫెసర్ చేత అనిపించలేదు. ఇల్లు నాది, నువ్వు పో అంది, అంతే. ఆ రోజు మన శత్రువుని అలా పంపిన చెయ్యి మర్నాడు ట్రాముల గురించి మాట్లాడినవాణ్ణీ అలాగే పంపుతుంది. ఇక్కడైతే ఆ ఇద్దరూ ఒక్క మనిషే.

రాస్ 1906లో విస్కాన్సిన్ వచ్చాడు. 1910 జనవరిలో ఎమ్మా గోల్డ్‌మన్ అనే అరాచకవాది (ప్రభుత్వమే వద్దనే మనిషి) మ్యాడిసన్‌లో ఉపన్యాసం ఇవ్వడానికి వస్తే, ఆ సంగతి క్లాసులో చెప్పాడు. చెప్పడమే నేరమైంది. బోర్డు అతన్ని మందలించింది. పిల్లలకి ఒళ్లు మండి, 1894 నాటి వాక్యాన్ని తవ్వి తీసి కంచు మీద పోయించి, మీరన్న మాటే చూసుకోండి అని యూనివర్సిటీకి బహుమతిగా ఇచ్చారు. బోర్డువాళ్లు దాన్ని నేలమాళిగలో పడేశారు. 1915లో గానీ అది గోడెక్కలేదు. ఇవాళ టూరిస్టులకి చూపించే గైడ్లు ఈ ముక్క చెబుతారో లేదో చూడాలి.

ఫలకం ఉన్నంత మాత్రాన అమెరికాలో అంతా సజావుగా ఉందనుకోకండి. కమ్యూనిస్టుల వేటకి పేరు మోసిన సెనేటర్ మెకార్థీ ఈ విస్కాన్సిన్‌వాడే. ఆ రోజుల్లో, 1949లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ముగ్గురు టెన్యూర్ ఉన్న ప్రొఫెసర్లనే తీసేసింది. మరుసటేడు కాలిఫోర్నియాలో నేను కమ్యూనిస్టుని కాను అనే విధేయతా ప్రమాణం మీద సంతకం పెట్టనన్న 31 మందిని పంపేశారు. సుప్రీంకోర్టు ఇలాంటి ప్రమాణాలకి వ్యతిరేకంగా, బోధనా స్వేచ్ఛ రాజ్యాంగానికి ప్రత్యేకంగా పట్టే విషయమని గట్టిగా చెప్పేసరికి 1967 వచ్చింది.

ఇక మా రాష్ట్రం. విస్కాన్సిన్‌లో టెన్యూర్ రాష్ట్ర చట్టంలోనే రాసి ఉండేది. అలాంటి రాష్ట్రాలు అరుదు. 2015లో గవర్నర్ స్కాట్ వాకర్ (ఇక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, గెలిచి వస్తాడు) బడ్జెట్ బిల్లులో ఆ ముక్క తీయించేశాడు. బదులుగా యూనివర్సిటీల బోర్డు తన సొంత నిబంధన రాసుకుంది. ఆ బోర్డులో ఎక్కువమందిని నియమించేది మళ్లీ గవర్నరే. పైగా కొత్త నిబంధనలో ఒక తలుపు తెరిచి ఉంచారు. డబ్బు అయిపోవాల్సిన పని లేదు, ఒక కోర్సుని మూసేస్తే అందులోని టెన్యూర్ ప్రొఫెసర్‌ని కూడా పంపొచ్చు. కాగితం మీద మాటే కదా అనుకున్నారు చాలామంది. 2024లో మిల్వాకీ యూనివర్సిటీ తన చిన్న క్యాంపస్‌లు మూసేసి అక్కడి కాలేజీని రద్దు చెయ్యాలని తేల్చాక టెన్యూర్ ఉన్న 30 మందికి పైగా ఆ తలుపులోంచే బయటికి వెళ్లారు. వాళ్లని పంపింది ఎదురు మాట్లాడినందుకు కాదు. అడ్మిషన్లు తగ్గాయంతే. ఇప్పుడు ఎవరినైనా వదిలించుకోవాలంటే విచారణతో పనేముంది, డిపార్ట్‌మెంటే లేకుండా చేస్తే సరిపోతుందన్న భయం టెన్యూర్ ఉన్నవాళ్లకీ పట్టుకుంది.

నాకు టెన్యూర్ లేకపోతే నష్టమేమిటని తమ్ముడు అడిగాడు. జీతం వస్తోందిగా అని. వాడికి ఒక పాఠం సంగతి చెప్పాను.

కై-స్క్వేర్ పరీక్ష (రెండు విషయాలకి సంబంధం ఉందో లేదో తేల్చే లెక్క) చెప్పడానికి మంచి డేటా కావాలి. ట్రాఫిక్ పోలీసులు ఎవరి కారు ఆపారు, ఆపినవాళ్లలో ఎవరి డిక్కీ తెరిపించారు, వాళ్ల ఒంటి రంగేమిటి అన్న వివరాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. పిల్లలకి ఆ పాఠం ఒక్కసారికే ఎక్కుతుంది, ఎందుకంటే వాళ్లూ కార్లు నడుపుతారు. ఒక సెమిస్టర్‌లో ఒక కుర్రాడి తండ్రి (పోలీసు) కాలేజీకి మెయిల్ రాశాడు. నన్నెవరూ ఏమీ అనలేదు. కోర్సు చూసుకునే పెద్దమనిషి కారిడార్‌లో ఆగి, చాలా మర్యాదగా, "వేరే ఉదాహరణలు కూడా ఉంటాయి కదా" అన్నాడు. అది మార్చి నెల. కాంట్రాక్టు మెయిల్ వచ్చే కాలం. తర్వాతి సెమిస్టర్ నుంచి నా పాఠంలో పోలీసులు లేరు, పెంగ్విన్‌లు ఉన్నాయి. ఏ దీవిలో ఏ జాతి పెంగ్విన్‌లు ఎక్కువో లెక్క వేస్తాం. మా కేక్ ఆవిడ నా పక్క గదే. ఆమె ఇప్పటికీ పోలీసుల డేటానే వాడుతుంది. ఆమెకీ మెయిళ్లు వస్తాయి. చదువుతుంది, జవాబిస్తుంది, క్లాసుకి వెళ్తుంది. ఆమె క్లాసు పిల్లలకి తెలిసిన విషయం నా క్లాసు పిల్లలకి తెలియదు. ఫీజు మాత్రం ఇద్దరూ ఒకటే కట్టారు.

కాబట్టి నష్టం నాకు కాదురా, ఆ కట్టినవాళ్లకి.

టెన్యూర్ ఉన్నవాళ్లందరూ ఆమెలాంటివాళ్లేనని చెప్పను. బాబాయ్ కరెంటాఫీసు మనుషులు ఇక్కడా ఉన్నారు. పసుపు పచ్చబడ్డ నోట్సుతో కాలక్షేపం చేసేవాళ్లని నేనూ చూశాను. అంతకంటే ఎక్కువగా నన్ను చికాకు పెట్టేది వేరేవాళ్లు. టెన్యూర్ వచ్చేదాకా ఒదిగి ఒదిగి బతికి, వచ్చాక కూడా నోరు విప్పనివాళ్లు. ఏళ్ల తరబడి అన్నింటికీ తలూపడం నేర్చుకున్నాక మెడ అలాగే ఉండిపోతుంది కాబోలు. లెక్చరర్ల జీతాల గురించి మీటింగులో ఒక్కమాట అనండి, మిమ్మల్నెవరూ ఏమీ చెయ్యలేరు కదా అని అడిగితే గడియారం చూసుకుంటారు.

మన దగ్గర సంగతి చూస్తే, బాబాయ్ చెప్పే పర్మనెంట్ వేరు, ఇది వేరు. మన ప్రభుత్వ కాలేజీ లెక్చరర్‌ని తీసెయ్యడం కష్టమే, నిజం. కానీ ఆయన ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తూ పేపర్లో వ్యాసం రాస్తే 1964 నాటి ప్రవర్తనా నియమావళి చూపించి మెమో ఇవ్వొచ్చు. తీసెయ్యకుండానే ఆ మూలకి బదిలీ చెయ్యొచ్చు. జీతానికి రక్షణ ఉంది, మాటకి లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో, ఉప్పు సత్యాగ్రహం మీద బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకి నిరసనగా పదవి వదిలేసి వెళ్లిపోయారు. 1936లో మళ్లీ అదే కుర్చీలోకి వచ్చారు. గొప్ప విషయమే. కానీ చెప్పాల్సింది చెప్పడానికి అంతటివారే కుర్చీ వదలాల్సి వస్తే, నెల జీతం మీద బతికే లెక్చరర్ ఏం చేస్తాడు?

ఇక గెస్ట్ ఫ్యాకల్టీకి జీతానికీ రక్షణ లేదు. యూజీసీ 2019లో గెస్ట్ టీచర్‌కి క్లాసుకి 1,500 రూపాయలు, నెలకి 50,000 మించకుండా అంది. ఆ 1,500 కూడా చేతికి రాని చోట్లే ఎక్కువని నా స్నేహితులు చెబుతారు. ఇక్కడికి రాకముందు గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పీరియడ్ లెక్కన నేనూ పాఠాలు చెప్పాను. ఇంటర్నల్ మార్కుల షీటు ముందే నింపి తెచ్చి సంతకం పెట్టమనేవారు. రానివాడికీ 23, వచ్చినవాడికీ 23. పెట్టనంటే వచ్చే నెల టైమ్‌టేబుల్లో పీరియడ్లు ఉండవు. స్వేచ్ఛంటే రాజకీయాలు మాట్లాడటమే అనుకుంటారు గానీ, సున్నా వచ్చినవాడికి సున్నా వెయ్యగలగడం కూడా అదే. 2018 యూజీసీ నిబంధనల్లో కాంట్రాక్టు టీచర్లు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదని ఉంది. 2025 జనవరిలో వచ్చిన ముసాయిదాలో ఆ పరిమితే ఎత్తేశారు.

పర్మనెంట్ ఉద్యోగం ఎంతవరకు కాపాడుతుందో తెలియాలంటే అమలాపురంలో పుట్టిన జి.ఎన్. సాయిబాబా గారి సంగతి చాలు. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు అసిస్టెంట్ ప్రొఫెసర్. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ 2014లో అరెస్టు, 2017లో శిక్ష, 2021లో ఉద్యోగం నుంచి తొలగింపు. బొంబాయి హైకోర్టు 2022లో నిర్దోషి అంది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ తీర్పుని నిలిపేసింది. 2024 మార్చిలో హైకోర్టు రెండోసారి నిర్దోషి అంది. ఆ అక్టోబర్‌లో హైదరాబాద్ నిమ్స్‌లో పోయారు. ఉద్యోగం తిరిగి రానేలేదు. ఆయన రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు, బాబాయ్‌కి బోలెడంత ఉంది. నేనడిగేది ఒకటే. చివరి మాట కోర్టు చెప్పేదాకా ఆ కుర్చీ ఆగితే కాలేజీకి పోయేదేమిటి?

మనవాళ్లు చాలామంది ఇప్పుడు అమెరికాలో ప్రొఫెసర్లు. టెన్యూర్ వచ్చినా గ్రీన్ కార్డ్ రాక హెచ్-1బి మీదే నడుస్తున్నవాళ్లు నాకు తెలుసు. నా వర్క్ పర్మిట్ అయితే మా ఆయన హెచ్-1బి కొసకి వేలాడుతోంది. వీసా మీద ఉన్న టీచర్లకీ స్టూడెంట్లకీ ఇక్కడివాళ్లతో సమానంగా మాట్లాడే హక్కుందని 2025 సెప్టెంబర్‌లో బోస్టన్‌లో ఒక ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. కేసు వేసినవాళ్లలో లవ్‌జాయ్ వాళ్లు పెట్టిన ఆ పాత సంఘమే ఉంది. తీర్పు చదివి సంతోషించాను, కానీ మా వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఇంకా రాజకీయాలు రాయడం లేదు.

మీ పిల్లలెవరైనా ఇక్కడ ఫ్యాకల్టీ ఇంటర్వ్యూలకి వెళ్తుంటే ఒక్క పని చెయ్యమనండి. జీతం, ల్యాబ్ డబ్బు, ఇల్లు మారే ఖర్చు అన్నీ అడిగాక, డీన్‌ని ఇంకోటి అడగమనండి: మీ దగ్గర టెన్యూర్ రాష్ట్ర చట్టంలో ఉందా, బోర్డు నిబంధనలో ఉందా? మా డిపార్ట్‌మెంట్‌ని మూసేస్తే నన్ను వేరే డిపార్ట్‌మెంట్‌లో పెడతారా, పంపేస్తారా? నోటితో కాదు, ఆ పేజీ తెరిచి చూపించమనండి.